అడిగిన మొక్క బతకదు

ద్రాక్షారామం,
12-7-1998.

సత్యశ్రీకి,

అది తెల్ల మందారం కాదు. పోయిన ఉత్తరంలో "నీ తెల్ల మందారం ఎలా ఉంది?" అని తీరిగ్గా అడిగావు. పొద్దున్నే చూస్తే వెన్న రంగు. ఎండ ఎక్కేసరికి పనసతొన రంగు. సాయంత్రం ముడుచుకునే ముందు రేకుల అంచున ఇటుకపొడి చల్లినట్టు ఉంటుంది. గొంతులో మాత్రం ఎప్పుడూ కుంకుమే. కడియపులంకలో మొక్కలమ్మే ఇంటికి కోడలివై ఏడాది దాటింది. ఇంకా రంగు చెప్పలేకపోతే మీ అత్తగారు నిన్ను ఎరువు బస్తాల దగ్గర కూర్చోబెడతారు.

అది ఎలా పుట్టిందో నీకు సగమే తెలుసు. మన వైపు మందారం కాయ కాయడమే అరుదు. మన నూతి దగ్గర తెల్ల రేక మందారానికి ఒక్క కాయ కాసింది. గోడకి అవతల పక్కింటి వీరదుర్గ పెరట్లో పసుపు మందారం ఉంది కదా, ఆ పుప్పొడి ఏ తేనెపిట్టో ముక్కుకి అంటించుకుని ఇటు తెచ్చి ఉంటుంది. కాయ పగిలి గింజ బట్టలుతికే బండ పక్కన పడింది. పిచ్చిమొక్క అనుకుని రెండుసార్లు పీకబోయి, ఆకు మెరుపు చూసి ఆగాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి పుప్పొడి గురించి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. ఒక్కడూ నమ్మినట్టు కనపడలేదు. ఇప్పుడు నాకే నిజమని తెలిసింది.

పోయిన నెల మీరిద్దరూ వచ్చినప్పుడు మీ ఆయన గంగాధర్ ఆ ఆకుల్ని పట్టుకుని చూసిన చూపు నాకు నచ్చలేదు. పెళ్ళిచూపుల్లో నిన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. అందుకని ముందే రాస్తున్నాను. నోరు తెరిచి అడిగిన మొక్క బతకదు, ఎవరూ చూడకుండా తెచ్చుకున్నదే వేరు పడుతుంది అని నీకు చిన్నప్పుడు నేర్పింది నేనే. ఇరిగేషన్ బంగళా గోడ మీంచి నువ్వు తుంచితే, నేను కొంగులో దాచి తెచ్చిన క్రోటన్లు ఇవాళ్టికీ వాకిట్లో ఉన్నాయి. అయితే ఈ మందారానికి ఆ సామెత వర్తించదు. దీన్ని అడగనూ కూడదు, అడక్కుండా తీసుకోనూ కూడదు. మీ చేతికి వచ్చిందంటే రెండేళ్ళలో మండపేట నుంచి మద్రాసు దాకా ప్రతి ప్రహరీకీ ఇదే పువ్వు. లోకంలో ఒక్కచోటే ఉండే వస్తువు ఒకటి నా పెరట్లో ఉండనీ.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోను వీరదుర్గ ఇంట్లో ఉంది. ఆవిడ పక్కన నిలబడి కాఫీ కలుపుతూ వింటుంది.

మీ అత్తగారికి నా నమస్కారాలు. నువ్వు పెరుగు మానకు.

అమ్మమ్మ

కడియపులంక,
20-7-1998.

అమ్మమ్మా,

తెలుపని రాసింది తొందరలో. దానికి ఒక పేజీ తిట్టాలా? నీ పువ్వుని ఎవరూ ఎత్తుకుపోరులే. ఆయన నీ ఉత్తరం చదివి నవ్వి, "మీ అమ్మమ్మగారు కలెక్టరుగా ఉండాల్సిందండీ బాబూ" అన్నారు.

ఇక్కడ వాన వదలట్లేదు. వరలక్ష్మీ వ్రతానికి వస్తాను, రెండు రోజులు ఉంటాను. నా జడకి జాజులు ఉంచమని గోడవతలి చిన్నమ్మమ్మకి చెప్పు. ఎన్ని మొక్కల మధ్య ఉన్నా చిన్నమ్మమ్మ పందిరి జాజుల వాసన ఇక్కడ దొరకదు.

సత్య

ద్రాక్షారామం,
28-8-1998.

సత్యశ్రీకి,

నువ్వు వ్రతానికి వచ్చి వెళ్ళి మూడు వారాలు. చవితి పత్రి కోసమని మొన్న పెరట్లోకి దిగి మందారం కొమ్మలు పక్కకి తొలగించాను. లోపలివైపు, చేయి పెడితే తప్ప తెలియని చోట, రెండు కొమ్మలు ఏటవాలుగా కోసి ఉన్నాయి. మూడో కొమ్మకి బెరడు ఉంగరంలా ఒలిచి, నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా పురికొస కట్టి ఉంది. కాగితంలోంచి తెల్లటి వేళ్ళు కనపడుతున్నాయి. పాలుపోసే సత్తియ్య అది చూసి, "చేతబడండమ్మగారూ, ముట్టుకోకండి!" అని చెంబు అక్కడే పెట్టేసి వీధిలోకి వెళ్ళిపోయాడు. చేతబడి అయినా బాగుండేది. అది అంటు. రెండు నెలల కిందట కట్టింది. రెండు తయారయ్యాక కోసుకుపోయారు, మూడోది వేళ్ళు చాలక వదిలారు. చేయి తిరిగిన పని.

నాకు ఒక్కరి మీదే అనుమానం. వీరదుర్గ తమ్ముడి కొడుకు జీవరాజు బుర్రిలంకలో నర్సరీ పనే చేస్తాడు. జూన్‌లో వచ్చి వాళ్ళింట్లో వారం ఉన్నాడు. వ్రతం నాడు ఆవిడ వాయనం పుచ్చుకుని వెంటనే వెళ్ళలేదు, మందారం దగ్గర నిలబడి, "ఎంత బాగుందండక్కయ్యగారూ" అని మూడుసార్లు అంది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే గోడ మీద ఆవిడ జాజుల పొట్లం, నా నందివర్ధనాల పొట్లం మారుతున్నాయి. అలాంటి మనిషి మీద మాట వేసేముందు తొందరపడకూడదని నీకు రాస్తున్నాను. ఆ రెండు రోజులూ నువ్వు పెరట్లోనే తిరిగావు. ఏమైనా చూశావా? అంటుల సంగతి తెలిసినదానివి, నీ మాట మీద ఆగుతాను.

అమ్మమ్మ

కడియపులంక,
6-9-1998.

అమ్మమ్మకి నమస్కారాలు,

నీ ఉత్తరం చూసి నాకు చాలా బాధ వేసింది. చిన్నమ్మమ్మ అలాంటి పని చేస్తుందని నేను అనను. కానీ వ్రతం నాడు ఆవిడ మందారం దగ్గర చాలాసేపు ఉన్నమాట నిజం. జీవరాజు పనిచేసే చోట కొత్తరకాలకి మంచి గిరాకీ ఉందని విన్నాను. ఎవరినీ ఏమీ అనకు కానీ, ఇరుగుపొరుగుని మరీ అంతగా నమ్మకు అమ్మమ్మా. నువ్వు ఎవరినైనా ఇట్టే నమ్మేస్తావు.

ఆ మూడో అంటు నువ్వు కొయ్యకు, కొమ్మ చీలిపోతుంది. నేను వచ్చినప్పుడు జాగ్రత్తగా తీసిపెడతాను.

సత్య

ద్రాక్షారామం,
9-10-1998.

సత్యశ్రీకి,

నీ ఉత్తరం అందాక కూడా ఆగాను. నిన్న ఆగలేకపోయాను. గోడ మీద జాజుల పొట్లం పెడుతూ ఆవిడ, "ఇవాళ మీ మందారం ఎన్ని పూసిందండక్కయ్యగారూ?" అంది. అంతే.

"వీరదుర్గా, నీకు కావాలంటే నన్ను అడగొచ్చుగా?" అన్నాను.

"ఏంటండీ అడిగేది?"

"మందారం అంటు."

"అడిగితే ఇస్తారేంటండీ? ఎవరికీ ఇవ్వనని మీరే అందరికీ చెప్పారు కదా. అందుకే అడగలేదు. అడగలేదు కాబట్టి తియ్యనూ లేదు."

"మరి మీ జీవరాజు?"

"వాడి పేరెత్తకండి. వాడు మొక్కలు అమ్ముకుని తింటాడేమో కానీ దొంగమొక్కలు కాదు."

"చూసినవాళ్ళు ఉన్నారు," అన్నాను. నా మనసులో ఉన్నది నీ ఉత్తరం.

"ఎవరండీ ఆ చూసినవాళ్ళు?" అని అడిగింది. నీ పేరు చెప్పలేదు. చెప్తే నీ మీద కూడా పడుతుందని. ఆవిడ పొట్లం వెనక్కి తీసుకుని, "ఇకమీదట మీ ఫోన్లు మా ఇంటికి రానక్కర్లేదండి" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కూడా మెల్లగానే వేసింది. గట్టిగా వేసినా బాగుండును.

ఆ జాజితీగ పందిరి వాళ్ళది, మొదలు మాత్రం మన వైపు ఉంది, నీకు తెలుసు. గోడ లేని రోజుల్లో వాళ్ళ అత్తగారు పాతింది. ఇవాళ కొబ్బరికాయలు దింపడానికి వచ్చిన చిట్టియ్య చేత మొదలంటా నరికించాను. "ఎందుకండీ, పూలు పూస్తోంది కదండీ" అన్నాడు. "నా నేలలో ఉంది, నా ఇష్టం" అన్నాను. మధ్యాహ్నానికి ఆవిడ పందిరి మీద ఆకులు వడిలాయి. ఆవిడ బయటికి వచ్చి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

నేను చేసింది సబబేనా కాదా అని నువ్వు రాయక్కర్లేదు. నాకు నిద్ర పడుతోంది.

అమ్మమ్మ

కడియపులంక,
20-10-1998.

అమ్మమ్మా,

జాజి ఎందుకు నరికించావు? మాట అనుకోవడం వేరు, ఇది వేరు కదా. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. ఆయన ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

ఇంక ఆ గొడవ పెంచకు. నీతో ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో రాసేది కాదు. వచ్చినప్పుడు చెబుతాను.

సత్య

ద్రాక్షారామం,
2-5-1999.

మా సత్యకి,

శివరాత్రికి వచ్చావు, పులిహోర తిన్నావు, పడుకున్నావు, వెళ్ళిపోయావు. చెబుతానన్న మాట చెప్పలేదు. నాలుగుసార్లు నోటిదాకా వచ్చి ఆగడం చూశాను. మూడో అంటు మాత్రం ఎండిపోయిందంటూ కోసి తీసుకెళ్ళావు. ఎండిపోయినదాన్ని తడిగుడ్డలో చుట్టడం ఎందుకో అడగలేదు. నీ ఒంట్లో బాగుండక అలా ఉన్నావనుకున్నాను.

ఆ మాటేంటో నాకు తెలుసులే. మొదటిసారి అందరూ అలాగే సిగ్గుపడతారు. ఎన్నో నెలో రాయి చాలు. పాత పంచెలు ఉతికి గంజి లేకుండా ఆరేసి పెట్టాను. ఉసిరికాయ ఊరగాయ నీ వాటా తీసి ఉంచాను. అది నీకు వికారానికి మంచిది.

మందారం ఈ వేసవిలో చెట్టంతయింది. మొన్న పొద్దున్న ఒక్క కొమ్మకే రెండు రంగులు. నిన్న విచ్చుకుని ముడవకుండా మిగిలిన పువ్వు ఇటుకరంగు, పక్కన ఇవాళ్టి పువ్వు వెన్నరంగు. అలా ఎప్పుడూ చూడలేదు. "వీరదుర్గా, ఇటు రా!" అని గోడ దాకా వెళ్ళి, నోరు తెరిచి, మూసుకుని వచ్చాను. లోకంలో ఒక్కచోటే ఉండే పువ్వు. చూసేదాన్ని కూడా నేనొక్కదాన్నే అయ్యాను. అనుకున్నదానికంటే బాగా నెరవేరింది నా కోరిక.

సాయంత్రాలు పెరట్లో జాజివాసన లేదు. మొదట్లో ముక్కు పాడైందనుకున్నాను.

అమ్మమ్మ

కడియపులంక,
11-5-1999.

అమ్మమ్మా,

అది కాదు. విశేషమేమీ లేదు. పంచెలు లోపల పెట్టెయ్యి.

సత్య

ద్రాక్షారామం,
28-11-1999.

శ్రీమతి సత్యశ్రీ గారికి,

నిన్న సాయంత్రం వీరదుర్గ మన వీధి గుమ్మంలోకి వచ్చింది. పదమూడు నెలల తరవాత. చేతిలో నల్ల ప్లాస్టిక్ కవరు, అందులో మొక్క. గడప దాటలేదు. "అన్నవరం వెళ్ళొచ్చానండి. కార్తీకమాసం కదా, మనవడి పేరున వ్రతం చేయించాం" అని ప్రసాదం ఆకు చేతిలో పెట్టింది. తరవాత మొక్క కింద పెట్టింది. మొక్క జానెడు ఉంది, ఒకే ఒక్క పువ్వు. ప్రయాణంలో నలిగింది. అయినా వెన్నరంగు పోలేదు. గొంతులో కుంకుమ.

"కొండ కింద మొక్కలమ్మేవాడి దగ్గర ఇవి వరసగా ఉన్నాయండి," అంది. "ఎక్కడివి నాయనా అన్నాను. కడియపులంక గంగాధర్ గారి తోటలోవండీ, వేరే ఎవరి దగ్గరా లేవు, పేరు మాణిక్యాంబ మందారం అన్నాడు. మీ పేరేనండి. అందుకని తెచ్చాను."

నేను వంగి, నలిగిన రేకు సరిచేసి చూశాను.

"లోపలికి రా వీరదుర్గా," అన్నాను.

"వద్దులెండి. దొంగ ఎవరో తెలియక మీరు బాధపడుతున్నారేమో, చెబుదామని వచ్చాను," అంది. నవ్వలేదు, దెప్పలేదు. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "చూసినవాళ్ళు ఉన్నారన్నారు చూడండీ, అది ఎవరో మాత్రం నాకిప్పుడు తెలిసింది. పిల్లని ఏమీ అనకండి" అంది. నిన్ను ఏమీ అనకూడదట!

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. "నువ్వు ఎవరినైనా ఇట్టే నమ్మేస్తావు" అని రాశావు. నీ ఉత్తరాల్లో నిజమైన వాక్యం అదొక్కటే.

కె. మాణిక్యాంబ

కడియపులంక,
4-12-1999.

అమ్మమ్మా,

నన్ను గారు అని రాయకు. తిట్టు.

అంటులు కట్టింది ఆయన. వ్రతానికి వచ్చినప్పుడు కోసింది నేను. నువ్వు వద్దని రాసిన ఉత్తరం వచ్చేసరికి కట్టేసి నెల అయింది. అడిగితే ఇవ్వవు, నాకు తెలుసు. ఇక్కడ అత్తయ్యగారు రోజూ, "పుట్టింటి నుంచి పిల్ల ఏం తెచ్చిందో కానీ ఒక మొక్కయినా తెచ్చిందా?" అనేవారు. కొత్తరకం తెస్తే ఈ ఇంట్లో నాకూ ఒక మాట ఉంటుందనుకున్నాను. నిజంగానే ఉంది ఇప్పుడు. నీ పేరు పెట్టమన్నది నేనే. ఆయన నా పేరు పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ మాత్రం చేశాను అమ్మమ్మా.

అడిగిన మొక్క బతకదని నేర్పింది నువ్వే కదా. బంగళా గోడ దగ్గర నన్ను భుజాల మీద ఎక్కించుకున్నావు. అదీ ఇదీ ఒకటేనని నాకు నేను చెప్పుకున్నాను.

చిన్నమ్మమ్మ సంగతి వచ్చేసరికి భయం వేసింది. నువ్వు అడగ్గానే చెప్పి ఉంటే అయిపోయేది. ఒక్క ఉత్తరం ఆగుదాం అనుకున్నాను. ఈలోగా నువ్వు జాజి నరికించావు. ఆ తరవాత ఎలా చెప్పను?

రమ్మంటే రేపే వస్తాను.

నీ సత్య

ద్రాక్షారామం,
15-12-1999.

సత్యా,

అదీ ఇదీ ఒకటి కాదు. బంగళాలో క్రోటన్లు పోయాయని ఆ తోటమాలిని పట్టుకుని ఎవరైనా నిలదీసి ఉంటే, నిన్ను భుజాల మీద నుంచి దింపి నేనే వెళ్ళి చెప్పేదాన్ని. మొక్క ఎత్తుకురావడం మన వైపు దొంగతనం కింద రాదు. ఆ కట్లు మీవేనని మొదటి ఉత్తరంలో రాసి ఉంటే ఒక నెల మాట్లాడేదాన్ని కాదు, తరవాత నేనే వచ్చి మీ తోటలో దానికి నీడ చాలట్లేదని మీ ఆయనకి చీవాట్లు పెట్టేదాన్ని. నువ్వు ఎత్తుకుపోయింది మందారం కాదు. "ఏమైనా చూశావా?" అని అడిగితే ఒక మనిషిని చూపించావు. నిన్ను ఎత్తుకుని జాజులు జడకి పెట్టిన మనిషిని. అదీ "నేను అనను" అంటూనే.

జాజిని నరికించింది నేనే. ఆ గొడ్డలిదెబ్బలో నీ వాటా ఎంత, నా వాటా ఎంత అని లెక్క వేయను. ఎలా వేసినా నాది తక్కువ రాదు.

నా పేరు పెట్టావని గొప్పగా రాశావు. ఆ మొక్కలో సగం రక్తం వీరదుర్గ పసుపు మందారానిది. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసినదాన్ని నేను. అయినా ఒక్క కొమ్మ ఆవిడకి ఇవ్వలేదు. మొన్న గోడ దగ్గరికి వెళ్ళి, "ఒక పెద్ద కొమ్మ కోసి ఇవ్వనా?" అని అడిగాను. "అడిగి ఇచ్చింది బతకదు కదండీ" అంది. కోపమో, హాస్యమో తెలియలేదు. ఆవిడతో ఇరవై రెండేళ్ళు ఆ తేడా ఇట్టే తెలిసేది. మర్నాడు పొద్దున్న గోడ మీద నందివర్ధనాల పొట్లం పెట్టాను. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. సాయంత్రం చూస్తే లేదు. గాలికి పడిందో, ఆవిడ తీసిందో గోడ మీంచి తొంగి చూడలేదు. రోజూ పెడుతున్నాను.

రేపే రానక్కర్లేదు. వచ్చేముందు ఒక పని ఉంది.

మీ తోటలో పడమటి వైపు పాకలో సన్నజాజి అంటులు ఉంటాయని నువ్వే ఒకసారి చెప్పావు. వాటిలో వేళ్ళు బాగా పట్టినది, కాండం బొటనవేలంత ఉన్నది ఒకటి చూసుకో. కొనకు. మీ అత్తగారిని అడక్కు, మీ ఆయనకి చెప్పకు. అడిగిన మొక్క బతకదు కదా. వాళ్ళు చూడకుండా తడిగుడ్డలో చుట్టుకుని, ఆదివారం రాజమండ్రి నుంచి వచ్చే బస్సు ఎక్కి రా. నా గుమ్మంలోకి కాదు, తిన్నగా వీరదుర్గ గుమ్మంలోకి వెళ్ళు. పందిరి కింద, గోడకి వాళ్ళ వైపున, మూరెడు లోతు గొయ్యి నువ్వే తవ్వు. పాతిక చెంబుల నీళ్ళు పొయ్యి. ఎందుకు పాతుతున్నావో నీ నోటితో ఆవిడకి చెప్పు. ఆ తరవాత నా ఇంటికి రావాలనిపిస్తే రా, అన్నం ఉంటుంది.

ఇంకొకటి. జాజి అంటు ఒకటి తగ్గిందని మీ అత్తగారు సోమవారానికల్లా కనిపెడతారు. పాక చూసుకునే అమ్మిరాజు మీద అనుమానపడతారు. అప్పుడు నీ ముందు నిలబెట్టి, "అమ్మాయ్, నువ్వేమైనా చూశావా?" అని అడుగుతారు. ఏం చెప్పావో నాకు కార్డు ముక్క రాయి.

అమ్మమ్మ